మేలూరు సన్నికల్లు

2023 జనవరి 21, శనివారం ఉదయం 5.40కి కోయంబత్తూరు ఉక్కడం బస్టాండులో పళని బస్సెక్కాను. దక్షిణాది పర్వతశ్రేణి పుట్టుక నా పరిశోధనాంశం. ఖండాలు ఢీకొన్నప్పుడు భూమి లోతున కాగిన రాళ్లలో జిర్కాన్ అనే సన్నని గింజలు ఆ కాలాన్ని దాచుకుంటాయి. రాయిని పొడి చేస్తేనే అవి దొరుకుతాయి. మేలూరు దగ్గరి ఒక నల్లరాతి కొండ నమూనా లేక నా పటంలో ఖాళీ మిగిలిపోయింది. ఆ కొండను క్వారీవాళ్లు పూర్తిగా తవ్వుకుపోయారు. అయితే దాని రాతితో మా తాత చెక్కించిన సన్నికల్లు, దానిమీద నూరే పొత్రం అమ్మమ్మగారింట్లో ఉన్నాయి. వాటిని అడగడానికే ఈ ప్రయాణం. మా కుటుంబంలో మొదటి పట్టభద్రుణ్ణి నేనే. అయినా ఏమని అడగాలో నాకు తెలియలేదు.

ఎనిమిదిన్నరకు పళనిలో దిగి, పొంగలి తిని, మదురై బస్సు పట్టుకున్నాను. నా సంచిలోని సుత్తి ఎందుకని పక్కసీటు పెద్దాయన ఆరా తీశారు. ఆయనదీ తెలుగిల్లే.

"కొండలకు వయసు కనుక్కొనేదా తంబీ? ఈ కొండమింది సామిని మట్టుం అడగొద్దు. ఆయన ఎప్పుడూ చిన్నపిల్లోడే!"

కిటికీలో పళని కొండలు నీలంగా చాలాసేపు మాతో వచ్చాయి. చిన్నప్పుడు సెలవులకు వెళ్లేటప్పుడు అమ్మ ఒళ్లో కూర్చొని, అవి నడుస్తున్నాయనుకొనేవాణ్ణి. ఖండాలతో పాటు కొండలూ కదులుతాయని చదువుకున్నాక, అది అంత తప్పు కాదని తెలిసింది.

మదురై ఆరప్పాళయంలో దిగినవారు టౌన్ బస్సులో మాట్టుత్తావణికి వెళ్లి మేలూరు బస్సెక్కాలి. ఒంటిగంట దాటాక ఇల్లు చేరాను. మేనమామ భార్య, మా అత్త, గుమ్మంలోనే అందుకుంది.

"ఏమిడా కన్నూ, కొండను చూసేకి వస్తివా? అది లారీ ఎక్కి పోయి శానా కాలమాయె. మొదట సాపాటు తిను."

భోజనమయ్యాక విషయం చెప్పాను. అత్త ముఖం మారిపోయింది.

"పొడి చేసేదా? పెండ్లిలో ఈ సన్నికల్లుమింద కాలు పెట్టే గదా నేనీ ఇంటికి వస్తిని. మీయమ్మా దీన్ని తొక్కే పోయె. చిత్తిరై నెలలో నా కూతురి కల్యాణం. దానికి మిక్సీని తొక్కించేదా?"

నవ్వాను గాని, మళ్లీ అడగలేకపోయాను. పెరట్లో సన్నికల్లు నడుమ గుంతపడి నున్నగా ఉంది. అమ్మమ్మ కారం నూరుతుంటే కొబ్బరిముక్క కోసం నేను ఆ పక్కనే కాచుకొని ఉండేవాణ్ణి.

సాయంత్రం బయలుదేరుతుండగా అత్త పొత్రాన్ని కడిగి, పాతచీరలో చుట్టి తెచ్చింది.

"తొక్కేది పలకనే గదా. దీన్ని ఎత్తుకొని పో. పొడి చేసే దినం నాకు మట్టుం చెప్పొద్దు."

తిరుగు ప్రయాణమంతా దాన్ని ఒళ్లోనే ఉంచుకున్నాను. సామి విగ్రహమా అని కండక్టరు అడిగాడు. కాదన్నాను గాని, కింద పెట్టలేకపోయాను. కొండ మొత్తంలో నాకు దక్కిన బరువు అంతే.

తరువాత ప్రయోగశాలలో పొత్రం పొడి అయింది. నా పటంలోని ఖాళీ నిండింది. అత్త కూతురు పెళ్లిలో ఒంటరి సన్నికల్లు మీద కాలు పెట్టింది. ఆ ఇంట్లో రాతిమీద నూరడం ఆగిపోయింది.