ఆంటీ పిలిస్తే వాలే సిగ్నల్

పోయిన వారం ఆఫీసులో ఉండగా మా ఫరీదాబాద్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "దీదీ, సామ్నేవాలే అంకుల్‌జీ నహీ రహే." ఎదురింటి అంకుల్ ఇక లేరు. పొద్దెక్కినా పాల ప్యాకెట్టు గుమ్మంలోనే ఉండేసరికి అనుమానం వచ్చిందట. నిద్రలోనే పోయారు.

ఆయన రైల్వేలో సిగ్నళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. తెనాలి వైపు మనిషి. పిల్లలు లేరు. హాల్లో ప్లైవుడ్ బల్ల మీద బొమ్మ రైలు, స్టేషను, దీపాలు, గేటు, సిగ్నలు అన్నీ తన చేత్తోనే అమర్చుకున్నారు. "మీ అంకుల్‌కి డ్యూటీ దిగడం ఇష్టంలేదమ్మా" అని ఆంటీ నవ్వేవారు.

ఆ ఆంటీకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఎడమచెయ్యి మాత్రం కాస్త కదిలేది. అంకుల్‌కేమో చెవుడు; ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకునేవారు, గంట పెట్టినా వినపడదు. అందుకని బొమ్మ స్టేషన్లోని సిగ్నల్ నుంచి ఆంటీ మంచం దాకా వైరు లాగి, ఆవిడ చేతి కింద ఒక బటన్ పెట్టారు. ఆవిడ నొక్కితే హాల్లో సిగ్నల్ రెక్క వాలేది. ఈయన చేతిలో పని వదిలి లోపలికి వెళ్లేవారు. కూరలు తరిగినా, పేపరు చదివినా ఆ సిగ్నల్‌కి ఎదురుగానే కూర్చునేవారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఎదురింట్లో దబ్బుమని చప్పుడైతే పరిగెత్తాను. ఆంటీ మంచం కింద పడి ఉన్నారు. పక్కన నీళ్లగ్లాసు దొర్లిపోయింది. అంకుల్ హాల్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నేను లోపలికి లాక్కెళ్తే ఆవిణ్ని ఎత్తి మంచమ్మీదికి చేర్చారు.

"చూస్తూనే ఉన్నానమ్మాయ్. రెక్క వాల్లేదు. చూస్తూనే ఉన్నాను."

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు, అంకెలు ఆనడంలేదని నన్ను పిలిచి కరెంటు చూసే మీటరు చేతికిచ్చారు. రెక్కని లాగే కాయిలే కాలిపోయి ఉంటుందన్నాను.

"ఊహించొద్దు. కరెంటు ఎందాకా వచ్చిందో అందాకా నడు. ఎక్కడ ఆగిందో అదే చెప్తుంది."

బొమ్మ రైలుకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది. సిగ్నల్‌కి నేరుగా కరెంటిస్తే రెక్క టక్కున వాలింది. బటన్ కూడా బాగుంది. ఇక మిగిలింది మధ్యలో వైరు. గోడ వెంబడి చూసుకుంటూ వెళ్తే కూలర్ వెనక దొరికింది. నీళ్లు కారి కారి అక్కడి జాయింటు పచ్చగా చిలుము పట్టి, ముట్టుకోగానే ఊడివచ్చింది.

"నీళ్ల పక్కన జాయింటు పెట్టానా నేను?" అన్నారు. తలుపు పైనుంచి అతుకు లేని కొత్త వైరు వేసి, ఆంటీని నొక్కమన్నారు. రెక్క వాలింది. ఆయన అక్కడే నేలమీద కూలబడి ఏడ్చారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే తనే ఒకసారి బటన్ నొక్కి, హాల్లోకి వెళ్లి చూసుకుని వచ్చి, "లైన్ క్లియర్" అని ఆంటీకి చెప్పేవారు. ఆవిడ సగం పెదవితో నవ్వేవారు.

ఆ చలికాలం దాటకుండానే ఆంటీ పోయారు. దినాలయ్యాక కూడా ఆయన కుర్చీ అక్కడే, అటే తిరిగి ఉంది. "వైరు తీసేద్దామా అంకుల్?" అని అడిగాను.

"తీసేస్తే నేనెటు చూడాలమ్మాయ్?"

ఆఫీసులో ప్రోగ్రాం ఏదైనా మొరాయిస్తే ఈరోజుకీ ఊహించకుండా మొదట్నుంచీ నడవడం ఆయన పెట్టిన అలవాటే. ఈ ప్రశ్న మాత్రం ఎటునుంచి నడిచినా తెగలేదు.

మొన్న చలికాలంలో ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే దారిలో రైల్వే గేటు పడింది. ఆటో దిగి గేటు దాకా నడిచారు. పొగమంచులో రైలు కనిపించీ కనిపించకుండా వెళ్లిపోయింది. గేటు లేచింది, వెనక బళ్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. ఆయనకు వినపడదు. మఫ్లర్ జారిపోతున్నా సర్దుకోకుండా, చివరి పెట్టె ఎర్రదీపం మంచులో కలిసిపోయిన వైపే చూస్తూ నిలబడ్డారు.