ముడి లేని సీసా

తాండూరు స్టేషన్లో రైలు మమ్మల్ని దింపినప్పుడు ఉదయం ఆరు దాటి పది నిమిషాలు. వాన. ఫౌజు హైదరాబాదు రాజ్యంలోకి వచ్చిన ఏడు, 1948, వానాకాలం చివర. ప్లాట్‌ఫారం మీద ఒక్క మనిషి లేడు. మా సామాను రెండు స్ట్రెచర్లు, మూడు మందుల పెట్టెలు, ఒక గుడారం. మేం నలుగురం. డాక్టరు కెప్టెను, గుంటూరు వైపు కాంపౌండరు, పరిగి నుంచి వచ్చి ఫౌజులో చేరిన డ్రైవరు, స్ట్రెచర్ మోసే నేను.

నాది పూడూరు పక్క పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. షోలాపూరు పోయి ఫౌజులో చేరాను. సొంత సీమకు బూట్లేసుకుని వస్తే జనం నన్ను చూసి తలుపులు మూసుకున్నారు. వాళ్లకు నేనంటే భయం. నాకు వాళ్లంటే భయం. వికారాబాదు దారిలో, అనంతగిరి అడవి మలుపుల్లో మాకిచ్చిన ఫౌజు లారీ నెమ్మదించిన ప్రతిసారీ స్ట్రెచర్ కర్రను గట్టిగా పట్టుకునేవాణ్ణి.

అసలు భయం అది కాదు. నాకు అక్షరం రాదు. మందుల గుడారంలో పని దొరుకుతుందని, వచ్చని చెప్పాను. తెలిస్తే తీసేస్తారు.

మా ఇంట్లో పిల్లల మెడకు ఉన్నిదారం కట్టి ముడులు వేస్తాం. గొర్రెపిల్లలకు. ముడి తడిమితే ఏ తల్లి పిల్లో చీకట్లోనూ తెలుస్తుంది. కాంపౌండరు ఏది ఏ మందో చెప్తుంటే గుర్తుపెట్టుకుని, నా గొంగడి పోగులు పీకి సీసాలకు అట్లాగే కట్టాను. తెల్ల సీసాలు రెండు ఒకే తీరుగా ఉండేవి. కళ్లు కడిగే మందుకు ఒక ముడి. పుండును కాల్చే మందుకు మూడు.

కాంపౌండరు చూసి నవ్వాడు. "ఏమయ్యా సాయన్నా, సీసాలకి మొలతాళ్లు కట్టావేంటి?"

"దిష్టి తగుల్తది సార్."

"అబ్బో. మందుక్కూడానా."

పన్నెండో రోజు, మర్నాడు తనిఖీకి పెద్ద ఆఫీసరు వస్తాడన్నారు. నేను నీళ్లకు పోయాను. పదకొండింటికి తిరిగి వచ్చేసరికి కాంపౌండరు సీసాలన్నీ తుడిచి, వరస మార్చి పెట్టాడు. ఒక్క దారం లేదు. అన్నీ కోసేశాడు. అప్పటికే డాక్టరుతో కలిసి వికారాబాదు వెళ్లిపోయాడు. గుడారంలో నేనొక్కణ్ణే. సాయంత్రం ఏదో సాకుతో అడుగుదామనుకున్నాను.

రెండు గంటల ఇరవై నిమిషాలకు డ్రైవరు పాయఖానా గుంతల్లో చల్లే సున్నం దించుతున్నాడు. బస్తా కుట్టు తెగి పొడి సున్నమంతా వాడి మొహం మీద పడింది.

"మామా, కండ్లు కాల్తున్నయ్. ఏం కనవడ్తలేదు."

"తెర్వు. కండ్లు తెర్వు."

"తెరుసుకుంట లేవు మామా."

ఒక చేత్తో రెప్పలు విప్పి బకెట్ నీళ్లు పోశాను. ఇంకో బకెట్. ఫీల్డు టెలిఫోను తిప్పి డాక్టరును పట్టుకున్నాను. ఆయన హిందుస్తానీలో చెప్పాడు.

"అరగంట ఆపకుండా నీళ్లు పొయ్యి. తర్వాత కళ్ల మందు. తెల్ల సీసాలు రెండుంటాయి, పేరు చూసి తియ్యి. చూశావా?"

"చూసిన సాబ్."

అబద్ధం. రెండు సీసాలూ నా ముందే ఉన్నాయి. రెండింటి మీదా ఎర్ర అక్షరాలు. రెండింటికీ వాసన లేదు.

అరగంట నీళ్లు పోశాను. జీవాల కంట్లో పసరు పిండే ముందు మా నాయన తన కంట్లో ఒక చుక్క వేసుకునేవాడు. మా కులంలో అందరూ అంతే. నాకు అదే తోచింది. చేతి మీద వేసి చూడొచ్చు కదా అంటారు మీరు. తోచలేదు. ఎడమ చేతివైపు సీసా తీసి, తల వెనక్కి వాల్చి, ఎడమ కంట్లో వంచాను.

నిప్పు కణిక పెట్టినట్టయింది. మోకాళ్ల మీద కూలబడ్డాను.

"ఎందుకు మూల్గుతున్నవ్ మామా? నా కండ్లు పోయినయా?"

"నోర్మూస్కో. పోలే."

నా కంట్లో చెంబుడు నీళ్లు కొట్టుకుని, రెండో సీసాతో వాడి కళ్లు కడిగాను. ఎనిమిదో రోజుకు వాడు మళ్లీ లారీ నడిపాడు.

డాక్టరు ఆ సాయంత్రం ఆరు నలభైకి వచ్చాడు. నా కన్ను చూశాడు. సీసా నా ముందు పెట్టి పేరు చదవమన్నాడు, నేను తల అడ్డంగా ఊపాను.

"చదవరాదని ఎందుకు చెప్పలేదు?"

"తీసేస్తరని సాబ్."

"చెప్పుంటే సీసా ముట్టొద్దనేవాణ్ణి. నీళ్లు చాలు. ఆ అరగంట నీళ్లే వాడి కళ్లు నిలబెట్టాయి."

కాంపౌండరు గుడారం బయట నిలబడ్డాడు. "నాకైనా ఒక్క మాట చెప్పకపోయావా, సాయన్నా," అన్నాడు. ఆ రోజు నవ్వలేదు.

నన్ను ధైర్యవంతుడన్నారు తర్వాత. కాదు. కన్ను పోతుందన్న భయం కన్నా, నోరు తెరిచి చెప్పాలన్న భయం పెద్దదైంది. అంతే.

నాలుగు నెలలకు ఫౌజు నన్ను ఇంటికి పంపింది. చదవరాదని కాదు. ఒంటికన్నని. డ్రైవరే తాండూరు స్టేషన్లో దింపాడు. "నీ కన్నే నాకు పెట్టినవ్ మామా," అని ఏడ్చాడు. నీళ్లతోనే కళ్లు నిలిచాయని వాడికి చెప్పలేదు. వికారాబాదులో రైలు దిగి, ఇంటి దాకా నడిచాను.

యాభై దాటాక మనుమరాలి పలక మీద తెలుగు అక్షరాలు దిద్దాను. ఇది ఆ అక్షరాలతోనే రాస్తున్నాను. కానీ ఆ ఎడమ కన్ను చివరిగా చూసింది మీదికి వంగుతున్న సీసా. మూతి కింద దారం ఒరిసిన సన్నటి గీత. దాని కింద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు, ఏడు. కన్ను మూసినా అవే, తెరిచినా అవే. ఒక్కొక్కటీ గీసి చూపగలను. ఇప్పటికీ చదవలేను.