గ్రహద్వారంలో గంగమ్మ

జువ్వలదిన్నె రేవులో బోటు నడిపే హజరత్తయ్యకు నలభై దాటినా ఫోనులో ఆటల పిచ్చి వదల్లేదు. బోటులో ఐసు నింపుతున్నంతసేపూ గట్టు మీద గొంతుక్కూర్చుని, ఉప్పుకు పగిలిన బొటనవేళ్ళతో అంతరిక్షనౌకను నక్షత్రాల మధ్య తిప్పుతుంటాడు. ఆటలో చివరి గ్రహానికి రెండు నల్లకొండల నడుమ ద్వారముంది. దానికి కాపలా ఒక ఇనుప యంత్రం. ఎనిమిది చేతులు, చాచిన నాలుక, నుదుట ఎర్రదీపం. ఏ దేశంవాళ్ళు గీశారో గానీ, సముద్రంలో చేపల వేటకు పోయేవాళ్ళను కాచే తమ గంగమ్మే అచ్చంగా. అక్కడికి చేరగానే హజరత్తయ్య చెప్పులు విడుస్తాడు. ఒక్క గుండూ పేల్చకుండా నౌకను వెనక్కి తిప్పి, ఆట ఓడిపోతాడు. మర్నాడు మళ్ళీ మొదటినుంచి.

ఆ ఉదయం కర్పూరం కొనడానికి అంగడికి పోతూ ఫోను కిషోర్ చేతికిచ్చాడు. కిషోర్ అదే బోటులో వల లాగేవాడు. తిరిగొచ్చేసరికి తెరమీద యంత్రం ముక్కలై రాలుతోంది.

"దారి తెరిచినానన్నా! ఇన్నాళ్ళూ బొమ్మకు భయపడినావా?"

"వేటకు పోయే పూట అమ్మను కూల్చినావు కదరా!"

అందరూ పగలబడి నవ్వారు. ఈ పూట వేటకు వద్దని చెప్పడానికి హజరత్తయ్యకు సిగ్గేసింది.

రేవు దాటేచోట ఎప్పటిలా ఇంజను నెమ్మది చేసి, బోటు ముక్కున కర్పూరం పెట్టాడు. రోజూ గాలికి నాలుగైదు అగ్గిపుల్లలు ఆరిపోయేవి. ఇవాళ మొదటి పుల్లకే అంటుకుని, మంట కదలకుండా నిలబడింది.

"మంచి శకునమన్నా," అన్నాడు కిషోర్.

హజరత్తయ్య తలెత్తాడు. రెండువైపులా నల్లరాళ్ళ కట్టలు, నడుమ నూనె పోసినట్టు నున్నటి నీళ్ళు. దారి బార్లా తెరిచి ఉంది. కాపలాకు ఎవరూ లేరు.