పార్కులో చూడనట్టు పెళ్ళిచూపులు

డోన్‌లో మా నాయనది కిరాణా అంగడి. నన్ను చూసి అప్పటికే ముగ్గురు "కబురు చేస్తాం" అని పోయారు. కబురు రాలేదు. ప్రతిసారీ నాయన కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌ను కళ్ళ ముందే పెట్టుకుని, కట్టిన పప్పు పొట్లాలే విప్పి మళ్ళీ కట్టేవాడు. నాకు ఏడుపు రాలేదు గానీ, ఆ పొట్లాలను చూస్తే ఒళ్ళు మండేది.

అందుకే నాలుగో సంబంధం చూపులు కర్నూలు పార్కులో పెట్టారు. మా అంగళ్ళవాళ్ళలో అదొక పద్ధతి. రెండు కుటుంబాలూ చల్లగాలికి వచ్చినట్టు వచ్చి, ఒకరినొకరు ఎరగనట్టు కూర్చోవాలి. నచ్చితే మగపిల్లవాడి వైపు నుంచి పలకరింపు వస్తుంది. నచ్చకపోతే ఎవరి బస్సు వాళ్ళది. పరువు పోకూడదని ఫోటోలు కూడా ఇచ్చుకోలేదు. గుర్తు ఒకటే, అబ్బాయిది నీలం చొక్కా.

తీరా చూస్తే ఆదివారం పార్కంతా నీలం చొక్కాలే. మా జేజికి, అంటే నాయన తల్లికి, ఓపిక తక్కువ. నీళ్ళు రాని ఫౌంటెన్ దగ్గర ఒక నీలం చొక్కా అబ్బాయి తల్లిదండ్రులతో కనిపించేసరికి, బొరుగుల ఉగ్గాని, బజ్జీలు ఉన్న క్యారియర్ మోసుకెళ్ళి వాళ్ళ మధ్యలో కూలబడింది. మిరపకాయ బజ్జీ తినే తీరులో మగవాడి కోపం తెలుస్తుందని ఆమె నమ్మకం.

"తినప్పా, ఉగ్గాని శానా ఉండాది. సిగ్గెందుకు?"

ఎవరో పెద్దామె ప్రేమగా పెడుతుంటే ఎవరు కాదంటారు? అతను తింటున్నాడు, ఈమె అతని దవడలను పరీక్షిస్తోంది. సిగ్గుతో చచ్చి, నేను ఉయ్యాలల వైపు జారుకున్నాను.

అక్కడ ఇంకో నీలం చొక్కా పిల్లల ఉయ్యాల ఎక్కి ఊగుతున్నాడు. వాచ్‌మన్ విజిల్ ఊది, "ఓ అప్పా, దిగు! అది పిల్లకాయలది" అని అరిచాడు. దిగితేనా! నాకు నవ్వాగలేదు.

"నవ్వండి. డోన్ పిల్లను చూడల్లని మావాళ్ళు కడప నుంచి నన్ను తోలుకొచ్చినారు. తప్పించుకుని ఈడ కూర్చున్యా" అన్నాడు.

ఏమీ తెలియనట్టే, "పిల్ల ఎట్లుండల్ల?" అని అడిగాను.

"ఎంచేదానికి నేనెవర్ని? బట్టలంగట్లో గుడ్డలు చించేవాడు వద్దని రెండుచోట్ల కాదన్యారు. ఈ పిల్లన్నా మొగం తిప్పుకోకుంటే చాలు."

కబురు రాక కుమిలేది ఆడపిల్లలొక్కరే అనుకున్నాను ఇంతకాలం. ఆ ఒక్క మాటతో నాకు నచ్చేశాడు.

"ఆ పిల్లను నేనే. తిప్పుకోలేదు కదా, లేవండి" అన్నాను. ఉయ్యాల దిగాడో, పడ్డాడో నాకిప్పటికీ తెలియదు.

ఫౌంటెన్ దగ్గరికి తీసుకెళ్ళి, "జేజీ, ఆయప్ప కాదు, ఈయప్ప. నాకు నచ్చినాడు" అన్నాను. జేజి ఆ అబ్బాయి చేతిలోని ప్లేటు లాక్కుని ఇతని చేతిలో పెట్టింది.

అది చూసి ఇతని తల్లి ఎదుటి బెంచీ మీద నుంచి పరుగున వచ్చింది. "మేమింకా మాట చెప్పనే లేదు కదప్పా" అంది, జేజి వెనకే వచ్చి నిలబడ్డ నాయనతో.

"మా పిల్ల చెప్పింది కదమ్మా. మీ కబురేందో ఇప్పుడే, ఈడనే చెప్పండి" అన్నాడు నాయన. ఆయన గొంతు అంత గట్టిగా లేవడం నేనెప్పుడూ వినలేదు. ఆమె కొడుకు ప్లేటులోంచి ఒక బజ్జీ తీసుకుని, నవ్వుతూ జేజి పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం మేము కబురు కోసం ఇంటికెళ్ళి ఎదురుచూడాల్సిన పని లేకపోయింది.