మంచు పగలని మధ్యాహ్నం

దయ్యాలు ఉన్నాయా లేవా అని నేనెప్పుడూ ఎవరితోనూ వాదించలేదు. వాదించేంత విషయం అందులో ఉందనుకోలేదు. ముప్పై ఏళ్ళు ఢిల్లీలోని ఒక విదేశీ సాంస్కృతిక కేంద్రంలో సినిమా ప్రొజెక్టరు నడిపాను. నా దయ్యాలన్నీ డబ్బాల్లో వచ్చేవి, బల్బు ఆర్పితే పోయేవి.

ఇది 2005 ఫిబ్రవరిలో జరిగింది. ఆనాటి డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను.

ముందు ఒక నటుడి గురించి చెప్పాలి. ఐరోపా వాడు. పొడుగు మొహం, లోతు కళ్ళు, మెల్లగా మాట్లాడే గొంతు. నాటకాల్లో రాజు వేషాలు వేసినవాడు, సినిమాల్లోకి వచ్చాక ఆ మొహం వల్లే దుర్మార్గుడిగా స్థిరపడిపోయాడు. శవాల మీద ప్రయోగాలు చేసే డాక్టరు, పాడుబడ్డ కోట యజమాని, ఇలాంటివే వేషాలు. చివర్లో చావడం ఖాయం. ఆయన సినిమా వేసిన ప్రతిసారీ డైరీ వెనక పేజీల్లోని పట్టికలో ఎలా చనిపోయాడో రాసుకునేవాణ్ణి. నిప్పులో, బావిలో, కూలిన గోడ కింద.

నా భార్య రూతమ్మ నర్సు. మాది తెనాలి వైపు. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే, "మీ దొర ఇవాళ ఎట్లా పోయాడండీ?" అని అడిగేది. చెప్పేవాణ్ణి. "పాపం, ఒక్కసారన్నా వదిలెయ్యకూడదా ఆయన్ని?" అనేది.

నేను రిటైరై ఫరీదాబాద్‌లో ఉంటున్నప్పుడు ఆమెకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంత కోలుకుంది, మాట రాలేదు. మొదటి కొన్ని నెలల్లో రాకపోతే ఆశ తక్కువని డాక్టరు చెప్పారు. తొమ్మిది నెలలైంది. మాటల కసరత్తు చేయించబోతే మొహం గోడవైపు తిప్పుకునేది. రోజూ డైరీలో "మాట లేదు" అని రాసి మూసేవాణ్ణి.

అప్పుడే కేంద్రం లైబ్రేరియన్ నీలమ్ గారు ఫోను చేశారు. ఆ నటుడి పాత సినిమా ఒకటి వేస్తున్నారు, ఆ పాత ఫిల్ము ప్రొజెక్టరు నడపడం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, రమ్మన్నారు. రూతమ్మను ఒంటరిగా వదల్లేక టాక్సీలో వెంట తీసుకెళ్ళాను. పొద్దున్నే ఫిల్మంతా చేత్తో తిప్పుతూ, అంచును వేళ్ళ మధ్య జారనిచ్చి, అతుకులు తడిమి చూశాను. మా పనిలో అది పద్ధతి. కొత్త అతుకు ఒక్కటీ తగల్లేదు, అంటే ఫిల్మును ఎవరూ కోసి మార్చలేదు.

మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. పదిహేను మంది ఉంటారు. రూతమ్మ చక్రాల కుర్చీని ప్రొజెక్టరు పక్కనే పెట్టుకున్నాను.

ఆ సినిమా చివర్లో డాక్టరు గడ్డకట్టిన చెరువు మీదుగా పారిపోతాడు. నడిమధ్యలో మంచు పగులుతుంది. మునిగిపోతాడు. టోపీ ఒక్కటే మంచు మీద మిగులుతుంది. అంతకు ముందు మూడుసార్లు వేశాను. పట్టికలో మూడు చోట్లా "మంచులో మునిగి" అనే ఉంది.

ఆ రోజు మంచు పగలలేదు. ఆ చోట రావాల్సిన చప్పుడు రాలేదు. ఆయన నింపాదిగా అవతలి ఒడ్డుకు నడిచాడు. ఒకసారి వెనక్కి తిరిగి, టోపీ తీసి మావైపు ఎత్తి చూపి, చెట్లలోకి వెళ్ళిపోయాడు.

నా చొక్కా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. రూతమ్మ.

"వదిలేశారండీ" అంది.

నేను ఇంకా ప్రొజెక్టరు ఆపలేదు. నీలమ్ గారు లైట్లు వేస్తూ వచ్చి, "క్యా భాయీసాబ్, బేచారే కీ టోపీ హీ బచీ" అని నవ్వారు. పాపం, టోపీ ఒక్కటే మిగిలిందని ఆవిడ మాట. మరో ఇద్దరిని అడిగాను. వాళ్ళు చూసిందీ ఆయన మునిగిపోవడమే.

చాలా ఏళ్ళ క్రితం ఒకసారి రీళ్ళు తారుమారు చేశాను. చచ్చిన మనిషి మళ్ళీ వచ్చి భోజనానికి కూర్చుంటే హాలంతా నవ్వింది. అదే పొరపాటు మళ్ళీ చేశానేమోనని మర్నాడు వెళ్ళి, నాలుగు రీళ్ళూ భూతద్దంతో బొమ్మ బొమ్మా చూశాను. వరస సరిగ్గానే ఉంది. మంచు పగిలింది. ఆయన మునిగాడు. టోపీ ఎత్తిన బొమ్మ ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి, మళ్ళీ ఒకసారి వేయించుకుని చూద్దామా అని రూతమ్మను అడిగాను.

చాలాసేపు మాట కూడగట్టుకుంది. "వద్దు. ఎట్లాగో బయటపడ్డాడు. మళ్ళీ... లాక్కురావడం... ఎందుకు?"

ఆ వారం నుంచి కసరత్తుకు తనే కూర్చుంది. ఎండాకాలం వచ్చేసరికి కూరగాయల బండివాడితో హిందీలో తగువు కూడా పెట్టుకుంది. ఇప్పుడు ఇంట్లో నాకే మాట్లాడే వంతు రాదు.

మనసుకు నచ్చినదేదో చూసి కదలిక వచ్చి ఉంటుందని డాక్టరు అన్నారు. కావచ్చు. ఆమె చూసిందే నేనూ ఎలా చూశానో ఆయన చెప్పలేకపోయారు. ఇన్నేళ్ళయినా నాకూ తెలియలేదు.

పట్టికలో ఆ తేదీకి ఎదురుగా, ఎలా చనిపోయాడు అనే గడి ఖాళీగా ఉంది. ఇన్ని డైరీల్లో నేను నింపకుండా వదిలిన గడి అదొక్కటే. ఇవాళ ఈ సంగతంతా రాద్దామని ఆ పేజీ తీస్తే రూతమ్మ వెనక నుంచి తొంగి చూసింది.

"అందులో ఏమీ రాయకండి" అంది.