అందుకోవలసిన చోట

ఐనవిల్లి దారిలో ఆటో ఆగినప్పుడు గట్టున పేర్చిన నారుకట్టల పచ్చివాసన తగిలింది. వెంటనే చెల్లి గొంతు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పదేళ్లు, దానికి ఆరు. బడిలో పాటల పోటీ. దాన్ని గెలిపించి తీరాలని పెరట్లో నిలబెట్టి నాట్లపాట నేర్పాను. ఒకసారి వింటే నోటికి పట్టేసే పాట. "భుజాలెగరెయ్యకే, గాలి పొట్టలోకి పీల్చు," అని అదిలించేదాన్ని. పొలంలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నట్టే, అది చరణం పాడితే పల్లవి నేను అందుకునేదాన్ని. వారం రోజులు దాన్ని ఆటకి వదల్లేదు.

వేదిక మీద మొదటి చరణం ఖంగుమని పాడి ఆగిపోయింది. మరిచిపోయిందనుకుని పళ్లు కొరికాను.

"పాడమ్మా," అన్నారు టీచరుగారు.

"అక్క అందుకోవాలండి," అంది.

అందరూ నవ్వేసరికి తల దించేసుకున్నాను. ఇంతలో గుమ్మం దగ్గర నిలబడ్డ, బడిలో భోజనం వండే ఇద్దరు ఆడవాళ్లు పల్లవి అందుకున్నారు. చెల్లి తడబడకుండా చివరిదాకా పాడింది.

ఒక్కరే పాడాలన్నది నియమమట, బహుమతి రాలేదు. దానికి తప్పు నేర్పానని చాన్నాళ్లు కుమిలిపోయాను. నేర్పింది సరిగ్గానే నేర్పాను. అందుకోవలసిన చోట నోరు విప్పనిది నేనే.