చుక్కల మాస్టారి ట్యూబు

చుక్కల మాస్టారి ఎదుట ఏడవకూడదు. ఏడిస్తే జేబులోంచి చిటికెన వేలంత ట్యూబు తీసి కంటి కింద పెట్టేస్తారు. సొంత చెల్లెలు కాలు విరగ్గొట్టుకుని లబోదిబోమంటుంటే ముందు ట్యూబు పట్టి, ఆ తర్వాతే డాక్టరుకి ఫోన్ చేశారట. ఆవిడ ఏడాదిపాటు మాట్లాడలేదు.

ఆయన ఉద్యోగం కూడా అలాంటిదే లెండి. మనుషుల కన్నీళ్ళలో, ఉమ్మిలో, రక్తంలో వాపుని అణిచే ప్రోటీను ఒకటుంటుంది. అది ఎంతుందో ల్యాబులో కొలుస్తారు. ఆయన దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి మూడు వారాలైనా ఆ మనిషి అంతుపట్టలేదు. అంతకన్నా అంతుపట్టనిది ఆమె ప్లేటు.

ప్లేటంటే అన్నం తినేది కాదు, తొంభై ఆరు బుల్లి గుంటలున్న పలక. ప్రోటీను ఉన్న గుంట పచ్చబడుతుంది. ఉత్త నీళ్ళు పోసిన గుంటలకి రంగు రాకూడదు. కొత్తమ్మాయి నీళ్ళ గుంటలు మాత్రం రెండుసార్లూ పచ్చబడ్డాయి. నీళ్ళకి వాపేమిటి, దానికి మందేమిటి? ఆమె సీసా మార్చింది, గ్లౌజులు మార్చింది, చివరికి కుర్చీ కూడా మార్చింది. మూడోసారీ అదే పచ్చ.

"రేపు సాయంత్రంలోగా సరిగ్గా రాకపోతే ఇంకొకరిని చూసుకుంటాం" అనేసింది ల్యాబు నడిపే పెద్ద మేడం.

కొత్తమ్మాయి సింకు దగ్గర నిలబడి ఏడ్చింది. ట్యూబు హాజరు.

"ఎడమ కన్నా, కుడి కన్నా?"

"నా ఉద్యోగం పోతోంది మాస్టారూ."

"తెలుసమ్మా. కాస్త తల వంచు, జారిపోతోంది."

వంచింది. ట్యూబు సరిగ్గా పట్టుకుంది. ఒక్క చుక్క రాలేదు. నవ్వాలో తిట్టాలో ఆమెకే తెలియలేదు.

"రావట్లేదు మాస్టారూ."

"పోనీ, ఉమ్మి అయినా సరే."

ఎందుకో ఏమిటో తెలియకుండానే ఉమ్మింది. ఆయన ఆ ట్యూబుకి మూత పెట్టి, పక్కనే స్టూలు వేసుకుని, "మళ్ళీ ప్లేటు పెట్టు, చూస్తాను" అన్నారు.

ఆమె ప్లేటు మీదికి వంగి మొదలుపెట్టింది. "ఒకటి... రెండు... మూడు..."

"ఆగు. ఎవరితో మాట్లాడుతున్నావు?"

"గుంటలు లెక్కపెట్టుకుంటున్నానండీ. లెక్క తప్పకూడదని."

మాస్టారు లేచి, కొత్త ప్లేటు తెచ్చి, ఆమె మూతికి మాస్కు కట్టారు. "ఇప్పుడు లక్ష దాకా లెక్కపెట్టుకో, గుంటల్లో తుంపర్లు పడవు."

మర్నాడు నీళ్ళ గుంటలు తేటగా ఉన్నాయి. ఓ మూల ఒక్క గుంట మాత్రం చిక్కటి పచ్చ. అది మాస్టారు ట్యూబులోంచి పోసిన ఆమె ఉమ్మి. "ఈ ల్యాబులో ఇంత ప్రోటీను ఇంకెవరి నోట్లోనూ లేదు" అన్నారాయన మెచ్చుకోలుగా. పెద్ద మేడం ఫలితాల కాగితం మీద సంతకం చేసింది.

మిగిలిన ద్రావణం ఫ్రిజ్‌లో పెట్టబోతే కొత్తమ్మాయికి ఓ పెట్టె దొరికింది. నిండా ట్యూబులు, ఒక్కోదానికీ చీటీ. "చెల్లెలు, కాలు." "పెద్ద మేడం, తనిఖీ రోజు." ఒక్కదాంట్లోనూ చుక్క లేదు.

"మాస్టారూ, అన్నీ ఖాళీయే."

"ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా. ట్యూబు పట్టుకున్నాక ఒక్కరూ సరిగ్గా ఏడవలేదు."

"మరి దాచడమెందుకండీ?"

"ఏడుపు ఆగిందని రుజువుండొద్దూ?"

ఆమె తన ట్యూబు తెచ్చి పెట్టెలో పెట్టబోయింది.

"అది పనికిరాదు, అందులో ఉమ్ముంది. ఖాళీది తీసుకుని పేరు రాయి."

రాసింది. రాసి, ఇంకో ఖాళీ ట్యూబు తీసి తన జేబులో వేసుకుంది. పొద్దుటినుంచీ పెద్ద మేడం మొహం అదోలా ఉంది మరి.